మొదటి నీళ్ళను ఆపిన మనిషి

మా వాన తాత పోయిన నెలలో ఒక మధ్యాహ్నం టీ తాగి, గాజు గ్లాసు కడిగి కిటికీ గట్టు మీద బోర్లించి, వరండాలోని కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం మన కాలనీ వాట్సాప్ గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. వాటి మధ్య ఒక పెద్దమనిషి ఇలా రాశారు: "పోయినవారిని అనకూడదు గానీ, కింద కుంటలో చేపల్ని చంపింది ఆయన వానే. ఆ తప్పు కప్పిపుచ్చుకోవడానికే మలుపు దగ్గర గుంట తవ్వారు. ఇప్పుడైనా దాన్ని పూడ్చి పార్కింగు చేసుకుందాం."

ఇందులో రెండు నిందలు, ఒక ప్రతిపాదన ఉన్నాయి. నింద పడ్డ మనిషి జవాబు చెప్పడానికి లేరు. నేనున్నాను. వచ్చే ఆదివారం జరిగే సర్వసభ్య సమావేశంలో మీరంతా ఆ గుంట మీద ఓటు వేయబోతున్నారు కనుక, అంతకు ముందే మన కాలనీ పత్రికలో ఈ జవాబు రాస్తున్నాను.

కొత్తగా వచ్చినవారి కోసం ఆయనెవరో చెప్పాలి. నాకు చుట్టం కాదు, మా ఎదురింటి మనిషి. గోదావరి వైపు నుంచి కుర్రతనంలో మద్రాసు వెళ్ళి, పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చారు. సినిమాల్లో వాన కురిపించడం ఆయన వృత్తి. ట్యాంకరు నీళ్ళను పంపుతో పైకెక్కించి, క్రేనుకు కట్టిన షవర్ల గుండా, మండుటెండలో నిలబడ్డ నాయికా నాయకుల మీద కుండపోతగా పోసేవారు. యూనిట్లో ఆయన పేరు వాన మేస్త్రి. వీధిలో పిల్లలకు వాన తాత.

అసలు వాన వస్తే మాత్రం వరండా దిగేవారు కాదు. అరచెయ్యి బయటికి చాపి, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు ముఖం పెట్టేవారు.

"ఇదేం వానమ్మాయ్. కంటిన్యుటీ లేదు. ఆ గోడ మీద పడుద్ది, ఈ గోడ మీద పడదు. మా డైరెక్టర్లయితే ఒప్పుకుంటారా?"

"మరి దేవుడికి చెప్పు తాతా."

"ఆయనకి మేస్త్రి లేడు. అదీ సమస్య."

వాన తెర మీద కనపడటానికి నీళ్ళలో పాలు కలుపుతారని మా బడిలో ఎవరో అన్నారు. వెళ్ళి అడిగాను. ఆయన చాలాసేపు నవ్వారు. "మా యూనిట్లో టీలోకే పాలు సరిపోవు, వానలో పోస్తామా? వెనక నుంచి లైటు వెయ్యాలి. ముందు నుంచి వేస్తే వాన కనపడదు. ఏదైనా నిజంగా చూడాలంటే వెనక వెలుగుండాలి." అది ఆయన వృత్తి రహస్యం. గాజు గ్లాసులో ఏ నీళ్ళు పట్టినా ముందు ఎండకు ఎత్తి చూసి, తర్వాతే తాగేవారు. మా ఇంట్లో మంచినీళ్ళిచ్చినా అంతే. మా అమ్మ మొదట్లో నొచ్చుకునేది, తర్వాత తానూ అలాగే చూడటం అలవాటు చేసుకుంది.

ఇక మొదటి నింద. అందులో నిజం ఉంది, దాన్ని ముందే ఒప్పుకుంటాను. ఆయన వాన కురిసిన మర్నాడు కుంటలో చేపలు చచ్చిపోయాయి. నేను అప్పుడు నాలుగో తరగతి. ఎండాకాలం. అంతకు ముందు నెలల తరబడి చినుకు లేదు. మన వీధి ఏటవాలులో ఒక పాట తీశారు. వానకు ముందు రోడ్డును గొట్టాలతో బాగా కడిగారు, ఎందుకంటే తడిసిన రోడ్డే కెమెరాలో మెరుస్తుంది. తర్వాత రోజంతా వాన. నీళ్ళన్నీ వాలు వెంట దిగి, మలుపు దగ్గర నాలాలో పడి, షేక్‌పేట వైపు కుంటలోకి చేరాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. పిల్లలం సాయంత్రం దాకా ఎగిరాం.

మర్నాడు పొద్దున్నే కుంటలో చేపలు పట్టుకునే పెద్దాయన పైకి వచ్చారు. ఆయన్ని మేమంతా కాక అంటాం. భుజాన వల, చేతిలో బకెట్టు. బకెట్టులో చచ్చిన చేపలు. తాత గేటు ముందు దాన్ని దించారు.

"ఏందయ్యా మేస్త్రీ, నీళ్లల్ల ఏం కలిపినవ్?"

"ఏం కలపలేదు. మంచినీళ్ళే."

"మంచినీళ్లకు చాపలు సస్తయా? పొద్దుగాల పోయి సూస్తె రవ్వలు, పరకలు అన్ని నోర్లు తెర్సుకొని పైకి తేలినయ్. కొర్రమట్టలు దప్ప ఒక్కటి మిగల్లే."

కొర్రమట్ట నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగల చేప. మిగిలినవి మొప్పలను నమ్ముకుని బతికేవి. కాక అన్న ఆ ఒక్క ముక్కలోనే సగం జవాబు ఉందని నాకు కాలేజీకి వచ్చాక గానీ తెలియలేదు.

తాత వీధి చివర ఇంకా నిలబడి ఉన్న ట్యాంకరు దగ్గరికి వెళ్ళి, కొళాయి తిప్పి గ్లాసు నింపారు. ఎండకు ఎత్తి చూశారు. గటగటా తాగేశారు. మళ్ళీ నింపి కాకకు ఇచ్చారు. కాక అనుమానంగా వాసన చూసి, నాలుక మీద వేసుకుని, చివరికి మొత్తం తాగారు.

"నీళ్లైతె మంచిగనే ఉన్నయ్."

"మరి?"

ఇద్దరూ ఒకేసారి రోడ్డు వంక చూశారు. మన వీధి రోడ్డు అంత శుభ్రంగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

తగవు అక్కడితో ఆగిపోయి ఉండవచ్చు. యూనిట్ వాళ్ళు నాలుగు తీపి మాటలు చెప్పి కాకను పంపించేస్తే సరిపోయేది. తాత ఊరుకోలేదు. వారం తర్వాత మూడు ప్లాస్టిక్ తొట్లు తెచ్చి వరండాలో వరుసగా పెట్టారు. మొదటి దాంట్లో ట్యాంకరు నుంచి నేరుగా పట్టిన నీళ్ళు. వాన కురవని పై వీధిలో గొట్టం పెట్టి రోడ్డు కడిగితే ముందుగా పారి వచ్చిన నీళ్ళు రెండో దాంట్లో. అదే రోడ్డు మీద గొట్టాన్ని చాలాసేపు వదిలేశాక పారిన నీళ్ళు మూడో దాంట్లో. నా చేతికి సుద్దముక్క ఇచ్చి తొట్ల మీద ఒకటి, రెండు, మూడు వేయమన్నారు. పరకలు అంటే వేలెడంత చిన్న చేపలు. అవి కావాలని కాకను అడిగారు.

"నా చాపల మీద నీ ఇకమతులేంది?" అన్నారు కాక.

"నా మీద వేసిన కేసు నాకు తెలియాలి గదా."

"నువ్వే దొంగ, నువ్వే పోలీసు అయితవా?"

"అందుకే నువ్వు పక్కన కూర్చో. జడ్జివి."

కాక నవ్వాపుకోలేక తొట్టికి అయిదు పరకలు వేశారు. ఇద్దరూ పొద్దుటి నుంచి చెరో స్టూలు మీద కూర్చున్నారు. రెండో తొట్టి నీటి మీద రంగురంగుల పొర తేలింది, నాకది అందంగా కనిపించింది. మధ్యాహ్నానికి ఆ తొట్టిలో పరకలు పైకి వచ్చి నోళ్ళు తెరవసాగాయి. తర్వాత ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి. మొదటి తొట్టిలోవి, మూడో తొట్టిలోవి తిరుగుతూనే ఉన్నాయి. కాక చచ్చిన చేపను అరచేతిలో పెట్టుకుని మొప్ప ఎత్తి చూపించారు. ఎర్రగా ఉండాల్సిన చోట నల్లటి నలుసులు అంటుకుని ఉన్నాయి.

"మసి పట్టింది సూడు మేస్త్రీ. గిది నీ నీళ్ల తప్పు గాదు. రోడ్డు తప్పు."

జడ్జి తీర్పు చెప్పేశారు. ముద్దాయి మాత్రం సంతోషించలేదు. తాత మూడు తొట్ల వంకా చూసి అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "ఇన్నేళ్ళూ నీళ్ళని ఫ్రేము బయటికి తోసేసేవాణ్ణి. ఫ్రేములో లేనిది లేనట్టే అనుకున్నా."

కనుక మొదటి నిందకు నా జవాబు ఇది. నెలల తరబడి ఆ రోడ్డు మీద పేరుకున్నదేమిటి? అరిగిన టైరు పొడి, బ్రేకు వేసినప్పుడల్లా రాలే లోహపు రజను, ఇంజను కింద కారే నూనె, పొగ గొట్టాల మసి. అందులో ఆయన వాటా ఎంత? ఆయనకు సైకిలు తప్ప మరో బండి లేదు. యూనిట్ ట్యాంకర్లది కూడా అందులో వాటా ఉందని మీరంటే కాదనను. మిగిలినదంతా ఎవరిది? ఏటా తొలకరికి ఆ కుంటలో చేపలు చస్తూనే ఉండేవని కాకే చెప్పారు. ఆ వాన మబ్బుల్లోంచి పడింది కనుక ఎవరూ ఎవరినీ నిందించలేదు. చేపలు చచ్చేది ఎండ వేడికని కొందరు, ఉరుముకని కొందరు సరిపెట్టుకున్నారు. మబ్బు లేని రోజున, మంచినీళ్ళతో కురిపించిన వాన వల్లే మొదటిసారి అసలు కారణం బయటపడింది. చేపల్ని చంపిన వస్తువును ఆయన చేయలేదు. దాని వెనక వెలుగు పెట్టారు, అంతే.

"కప్పిపుచ్చుకోవడం" అన్న రెండో నిందకు నిజానికి జవాబు అక్కర్లేదు. తప్పు దాచుకోదలచిన మనిషి వీధి మొత్తం నడిచే మలుపులో, పట్టపగలు, సెట్లు వేసే పాత మిత్రులను పిలిచి, గుంట తవ్వుతాడా? ఆ గుంట ఎలా పని చేస్తుందో చాలామందికి తెలియదు, కాబట్టి చెబుతాను. వాలు వెంట వచ్చే నీళ్ళు నాలాలో పడేముందు ఆ గుంటలో పడతాయి. అడుగున బండరాళ్ళు, పైన కంకర, ఆ పైన ఇసుక, అంచుల్లో తుంగ. వానలో మొదట వచ్చే నీళ్ళే రోడ్డును కడిగి తెచ్చేవి. అవి గుంటలో ఆగి, మెల్లగా ఇంకుతాయి. గుంట నిండాక వచ్చే నీళ్ళు తేటవి. అవి పై గొట్టం గుండా నాలాలోకి, కుంటలోకి పోతాయి. మూడో తొట్టి అన్నమాట. "మొదటి నీళ్ళు ఆపాలి, తర్వాతి నీళ్ళు పోనివ్వాలి" అనేవారు తాత. తొలకరికి ముందు ఏటా ఇసుక పై పొరను తానే పారతో గీకి తీసేవారు. అది నల్లగా, టైర్ల దుకాణం వాసన వేసేది. దాన్ని సంచుల్లో కుట్టి చెత్త బండివాళ్ళ చేతికిచ్చేవారు. "ఇంకో నాలాలో పడేస్తే మళ్ళీ ఫ్రేము బయటికి తోసినట్టే" అని బండివాళ్ళకు కూడా చెప్పేవారట.

గుంట ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. నీళ్ళ కన్నా ముందు నూనె చుక్కను ఆపాలనుకున్నారు. ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మా నాన్న జూబ్లీ హిల్స్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. ఆ కారు మధ్యాహ్నాలు మా గేటు ముందు ఆగేది. అది కదిలాక రోడ్డు మీద నల్లటి మచ్చ మిగిలేది.

"బండి కారుతోంది చూసుకున్నావా?" అన్నారు తాత ఒకరోజు.

"కారుతలేదు తాతా, ఏసీ నీళ్లు అవి," అన్నాడు నాన్న.

"ఏసీ నీళ్ళు ఎప్పుడైనా నల్లగా ఉంటాయా?"

"పెద్ద బండి గదా. దాని ఏసీ గట్లనే ఉంటది."

తాత ఇంట్లోకి వెళ్ళి, ఫిలిం రీళ్ళ డబ్బా మూత ఒకటి తెచ్చి ఇంజను కింద పెట్టారు. సినిమాలు రీళ్ళు మానేశాక ఎవరికీ పనికిరాని డబ్బాలను ఆయన ఎక్కడెక్కడి నుంచో పోగేశారు. సాయంత్రానికి ఆ గుండ్రటి మూతలో నాలుగు నల్లటి చుక్కలు నిలిచాయి. నాన్న వాటిని చూసి, తాతను చూసి, "జర షెడ్డుకు తీస్కపోతలే," అన్నాడు. తర్వాత నాన్నే తోటి డ్రైవర్లకు మూతలు పంచాడు. మీలో చాలామంది కార్ల కింద ఇప్పటికీ ఉన్న ఆ తుప్పు పట్టిన మూతలు ఎక్కడివో మీకు తెలిసి ఉండదు. ఇప్పుడు తెలుసుకోండి.

ఇదంతా చదివి ఆయన్ని పెద్ద జీవకారుణ్యవాది అనుకుంటే పొరపాటు. తాతకు చేపలంటే ప్రాణమే, అది పులుసులో. గుంట తవ్విన మరుసటి ఏడు తొలకరికి కుంటలో చేపలు తేలలేదు. కొద్ది రోజులకు కాక ఒక పెద్ద రవ్వను పట్టుకుని పైకి వచ్చి, "నీ జీతం," అని చేతిలో పెట్టారు. అది ఏటా జరిగే ఆచారమైంది. పులుసు తాతే వండేవారు, కాక పొయ్యి పక్కన నిలబడి తప్పులు పట్టేవారు.

"గంత పులుపు ఏందయ్యా? మీ గోదారోళ్ల నోట్లె నాలుక ఉన్నదా?"

"మీ కారానికి మా నాలుక ఎప్పుడో పోయింది. నువ్వు తిను."

తినేవారు. రెండోసారి వడ్డించుకుని మరీ తినేవారు. వీధిలో మా ఇంటికీ ఒక గిన్నె వచ్చేది. కుంట గొప్పగా మారిపోయిందని నేననను. దాంట్లో ఇంకా చాలా చెత్త పడుతోంది. అయినా తొలకరి మర్నాడు పరకలు గుంపులుగా ఒడ్డుకు వచ్చి తిరగడం నేను చూశాను. ఒక మనిషి జీవితానికి ఇంతకన్నా రుజువు అడగడం నాకు చేతకాదు.

నా వాదనా పటిమను మెచ్చుకునేవారిలో చాలామందికి నా మొదటి గురువు ఎవరో తెలియదు. విశ్వవిద్యాలయంలో చేరిన ఏడు ఒక చర్చా పోటీలో ఓడి వచ్చాను. ప్రత్యర్థి నన్ను ఎగతాళి చేస్తే నేను అంతకు రెండింతలు అన్నాను, న్యాయనిర్ణేతలు అతనికే మార్కులు వేశారు. తాత ఇంటి వరండాలో కూర్చుని గంట సేపు అతన్ని తిట్టాను. ఆయన అంతా విన్నారు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇప్పటిదాకా వచ్చింది రోడ్డు కడిగిన నీళ్ళు. గుంటలో ఉండనీ. ఇప్పుడు చెప్పు, అతని వాదనలో తప్పేంటి?"

ఆశ్చర్యం, ఆ తర్వాత నా నోట వచ్చిన మాటలు తేటగా ఉన్నాయి. ఆ నెలలోనే మరో పోటీలో అతన్ని ఓడించాను. ఈ వ్యాసానికి కూడా ముందు ఒక ప్రతి రాశాను. గ్రూపులో ఆ వాక్యం రాసిన పెద్దమనిషి పేరు, ఆయన మూడు కార్లు, వాటి కింద మచ్చలు, అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని చింపేశాను. మీరు చదువుతున్నది రెండోది. మీ అదృష్టం తాత చలవ.

ఇక ప్రతిపాదన. ఆ జాగాలో నాలుగు కార్లు పడతాయట. పడతాయి, కొలిచి చూశాను. గుంట పూడ్చడానికి అప్పుడే ఒక ట్రాక్టరు రాతిపొడి తెచ్చి అంచున పోశారు కూడా. ఈ ఏడు పారతో గీకే వారానికి ముందే తాత వెళ్ళిపోయారు కనుక గుంటలో పోయినేటి మసి అలాగే ఉంది. తొలకరి ఎంతో దూరంలో లేదు. గుంటను పూడిస్తే నాలుగు కార్లు నిలుస్తాయి, వాటి కింద కారే చుక్కలతో సహా ఏడాది మురికంతా మొదటి వానకే కుంటలో దిగుతుంది. అప్పుడు చేపలు చస్తే నింద వేయడానికి మనకు వాన మేస్త్రి కూడా ఉండరు. మొన్న కాకను కలిసి ఓటు సంగతి చెప్పాను. ఆయనకు ఈ కాలనీలో ఓటు లేదు. "మేస్త్రి ఉంటె నాకు ఫికర్ లేకుండె బిడ్డా," అన్నారు, వల సర్దుకుంటూ. "నువ్వు మాట్లాడతవ్ గదా?"

మాట్లాడాను. ఇక అడగాల్సింది అడుగుతాను. ఆదివారం ఉదయం, సమావేశానికి ముందే, గుంట గీకడానికి నేను, మా నాన్న పారలతో మలుపు దగ్గర ఉంటాం. రాగలిగినవారు రండి. రాలేనివారిని, తాతే చేపల్ని చంపారని ఇంకా నమ్మేవారిని, ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఉదయం మీ కారు కడిగాక, గేటు దాటి రోడ్డు మీదుగా పారే నీళ్ళను ఒక గాజు గ్లాసులో పట్టండి. దాన్ని పట్టుకునే సమావేశానికి రండి. మన హాలుకు తూర్పున పెద్ద కిటికీ ఉంది, ఆ వేళకు ఎండ నిండుగా పడుతుంది. గుంట పూడ్చాలని ఓటు వేయడానికి చెయ్యి ఎత్తే ముందు, అదే చేత్తో ఆ గ్లాసును వెలుగుకు ఎత్తి, అవతలి వైపు ఏం కనబడుతోందో అందరికీ వినబడేలా చెప్పండి.